చలిజ్వరము — బీదయింటి జమాఖర్చు

(ఒక గ్రంథాలయ సభయందు గావించిన ఉపన్యాసము)



గ్రంథాలయ సభలలో కావ్యములను గూర్చియో, దేశచరిత్రను గూర్చియో ఉపన్యసించుట వాడుక. నేడు నేను జ్వరమును గూర్చి మాటలాడ వచ్చితిని. జ్వరమును గూర్చి చెప్పవలసినవాడు వైద్యుడు కదా, ఇచ్చట దానితో మనకేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. తోచుట సహజమే. కాని మలేరియా యని మనము పిలుచు ఈ చలిజ్వరపు వృత్తాంతము వైద్యుని పుస్తకములో సగమే యున్నది. తక్కిన సగము షావుకారు చిట్టాలో నున్నది. సేద్యగాని గాదెలో నున్నది. బడికి రాని పిల్లవాని హాజరు పట్టీలో నున్నది. ఆ రెండవ సగమును చదువుట వైద్యుని వంతు కాదు, అక్షరములు నేర్చిన మన వంతు. అందుచేత ఈ సంగతిని మీ యెదుట పెట్టుటకు సాహసించితిని.

ఈ వ్యాధి చరిత్రకును మన తెలుగుసీమకును దగ్గరి సంబంధము కలదు. 1880 వ సంవత్సరమున అల్జీరియాలో నుండిన లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు రోగి రక్తమునందు ఈ జ్వరమునకు మూలమైన సూక్ష్మజీవిని చూచెను. అది ఒకరినుండి వేరొకరికి ఎట్లు చేరుచున్నదో మాత్రము మరి పదునేడేండ్లదాక తేలలేదు. 1897 ఆగస్టు 20 వ తేదీన సికిందరాబాదు చెంత రోనాల్డు రాస్ అను వైద్యుడు రోగిని కుట్టిన దోమను కోసి, సూక్ష్మదర్శినితో పరీక్షించి, దాని కడుపులో ఆ జీవి పెరుగుచుండుట కనుగొనెను. 1902 లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఇంతవరకు మనలో పెక్కురెరిగినదే.

ఆ దోమలు ఎవరిని కుట్టినవో ఎరిగినవారు మాత్రము తక్కువ. హుసేన్ ఖాన్ అను రోగి ఒకడు. తన్ను కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున అతనికి ముట్టినది. రాస్ దొర కృషిని తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. లోకమున కోట్లమంది ప్రాణములకు ఆ కనుగొనుట ఆధారమైనది. కాని జ్వరముతో వణకుచున్న ఒక మనుజుడు అణాల కొరకు దోమలకు తన చేయి చాచెనన్న మాటను మనము మరువరాదు. ఆ అణాలైనను అతనికి దక్కినవి. అటు పిమ్మట మన పల్లెలలోను మన్యములోను దోమకాటు తిన్న లెక్కలేని బీదజనమునకు అణా దక్కకపోగా వారే ఎదురు చెల్లించుకొనవలసి వచ్చినది. ఎంత చెల్లించుకొనుచున్నారు, ఎట్లు చెల్లించుకొనుచున్నారు అనునదే నేటి నా విషయము.

ఒక ఇంటిని మనస్సున నిలుపుకొనుడు. ఇది నేను కల్పించి చెప్పుచున్న ఇల్లేకాని, మన్యమున ఇట్టి ఇండ్లకు కొదువ లేదు. భార్యాభర్తలు, వృద్ధురాలైన తల్లి, ముగ్గురు బిడ్డలు. కొండవాలున కొంచెము పోడు, వాగుప్రక్కన చిన్న మడిచెక్క. వెనుకటి పంటలోని చోళ్లు, సామలు ఆషాఢము వచ్చునప్పటికి అడుగంటినవి. వానలు పట్టినవి. మడి ఊడ్చవలెను, పోడున కలుపు తీయవలెను. ఏడాదికంతకు కావలసిన గింజ ఈ రెండు మూడు నెలల చాకిరిపై ఆధారపడి యున్నది. సరిగా ఈ నెలలందే కొండవాగుల అంచులలో తేటనీరు మెల్లగా ప్రవహించును. అట్టి నీటియందే ఈ జ్వరమును మోయు కొండదోమ గ్రుడ్లు పెట్టును. కలుపుకు కావలసిన వానయే దోమకును కావలసి వచ్చినది. సేద్యగానికి చేతినిండ పని యున్న దినములును, జ్వరము విరివిగా ప్రబలు దినములును ఒక్కటియే యగుట ఈ వ్యాధియందలి మొదటి క్రౌర్యము.

ఇంటి యజమానునికి జ్వరము తగిలినది. మొదట చలి; ఉన్న గుడ్డలన్నియు కప్పినను ఆగని వణకు. తరువాత ఒళ్లు కాలిపోవు వేడి. ఆ పిమ్మట చెమట పట్టి జ్వరము విడిచినది. తగ్గినదని లేచి పొలమునకు పోయెను. దినము విడిచి దినము అది తిరిగి వచ్చినది. ఆస్పత్రి పది పదునైదు మైళ్ల దూరము. త్రోవలో వాగు పొంగుచున్నది. రోగిని డోలీలో మోయవలెనన్న నలుగురు కావలెను. ఆ నలుగురికిని ఆ దినము పని పోవును. భార్య మగని చెంతనుండవలెను గనుక ఆమె పనియు పోయినది. ఒక్కడు పడకెక్కిన ఇద్దరు పనివాండ్రు తగ్గినట్లు. పెద్దపిల్ల బడి మాని చంటిబిడ్డను ఎత్తుకొనినది. పది పదునైదు దినములు కలుపు నిలిచిపోయినది. కలుపు మనకొరకు ఆగదు కదా.

సర్కారు ఔషధము ఉచితమే. ఆ సంగతి నేనెరుగుదును. రోగికి రూపాయి ఖర్చు లేదని ఆస్పత్రి చిట్టా చెప్పును, అది అబద్ధమును కాదు. కాని ఇంటి చిట్టా వేరు. దారిబత్తెము, తోడువచ్చినవారి తిండి, ఆస్పత్రికి పోకముందు ఊరివైద్యుని సూదిమందునకు ఇచ్చినది, రోగి కోలుకొనుటకు కొన్న పిడికెడు బియ్యము. వీనికన్నిటికి మించి పోయిన పనిదినములు. చేత పైకము లేదు. సంతకు వచ్చు వర్తకుని నడిగిరి. ఆతడిచ్చెను, రాబోవు పసుపును, చింతపండును తాను చెప్పిన ధరకు తనకే తూచవలెనన్న మాటపై నిచ్చెను. అదియు చాలనప్పుడు మేకను అమ్మిరి. పండుగకని పెంచుకొన్న మేక కాదది. ఆ ఇంటికి నిలువచేసిన ధనమంతయు అదియే. పంట వచ్చినది, కలుపువలన సగమే వచ్చినది. అప్పు తీర్చగా మిగిలిన గింజ మాఘమునకే అయిపోయినది. మరుసటి ఆషాఢమునకు ఆ కుటుంబము వెనుకటికన్న బలహీనముగ, వెనుకటికన్న ఋణగ్రస్తముగ నిలిచియుండును. వాన మరల వచ్చును. దోమయు మరల వచ్చును. మూలుగుచున్న నక్కపై తాటిపండు పడుట ఒకసారియైన సామెత. ఏటేటను పడినచో దానికేమి పేరు పెట్టుదము?

ఇది నా ఊహ యని త్రోసివేయకుడు. పరిశీలించి లెక్క కట్టినవారు కలరు. ఆఫ్రికాఖండమందలి మలావిదేశమున కుటుంబములను విచారించి 1994 లో ప్రకటించిన పరిశోధనలో, మిక్కిలి తక్కువ రాబడి గల ఇండ్లు మలేరియాకై నేరుగ పెట్టిన ఖర్చు వారి సాలుసరి ఆదాయమున సుమారు 28 పాళ్లు, అనగా నూటికి 28 వంతులని తేలినది. తక్కిన కుటుంబములకు అది నూటికి 2 వంతులు మాత్రమే. జ్వరము ఒక్కటియే, మందు ఒక్కటియే. ఒక ఇంటికి అది చిల్లరఖర్చు, వేరొక ఇంటికి ఏడాది రాబడిలో నాల్గవ పాలుకు మించిన పన్ను. రాజులు విధించిన పన్నులలో బీదవానిపై నూటికి 28 వేసి, కలవానిపై 2 వేసిన పన్ను ఎన్నడైన వింటిమా? వినియుంటిమేని సభలు చేసి ఖండించియుందుము. దోమ విధించినది గనుక ఊరకున్నాము.

మన దేశపు సాక్ష్యమును కలదు. స్వాతంత్ర్యానంతరము 1950 దశాబ్దమున దోమలపై సాగిన పోరాటమువలన జ్వరము మిక్కుటముగ నుండి తగ్గిన ప్రాంతములలో బాల్యము గడపినవారిని గూర్చి అర్థశాస్త్రజ్ఞులు విచారించి 2010 లో ప్రకటించిరి. అట్టి పురుషులు పెద్దలైన తరువాత వారి కుటుంబములలో తలసరి వ్యయము కొంచెము హెచ్చెనని వారు కనుగొనిరి. చదువు విషయమున స్పష్టమైన లాభము కానరాలేదనియు వారే చెప్పిరి. లాభమును పెంచి చెప్పవలసిన అవసరము మనకు లేదు. బాల్యమున తప్పిన జ్వరము ఇరువది ముప్పది ఏండ్ల తరువాత ఆ ఇంటి కంచములో కొంచెము అన్నమై కనబడినదన్న మాట చాలును.

ఇంతవరకు జ్వరము బీదరికమును ఎట్లు కనుచున్నదో చెప్పితిని. ఇక బీదరికము జ్వరమును ఎట్లు కనుచున్నదో చూతము. ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును: "దోమకు ధనిక దరిద్ర భేదమున్నదా? నీరున్నచోట దోమ, దోమ యున్నచోట జ్వరము. ఇందు బీదరికమునకు ప్రసక్తి యేమి?" మాట వినుటకు బాగుగనే యున్నది. పట్టణములందు మిద్దెలపై తొట్లలో పెరిగి మలేరియాను మోయు దోమజాతియు కలదు గనుక మనమును నిర్భయులము కామనుట నిజమే. అయినను, పెక్కు పరిశోధనలను చేర్చి 2013 లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిన విచారణ ప్రకారము, ఒకే సమాజమున నివసించు పిల్లలలో మిక్కిలి బీదపిల్లలకు ఈ వ్యాధి సోకు అవకాశము కొంత కలిగినవారి పిల్లలకన్న సుమారు రెట్టింపు. వాగు ఒక్కటే, వాన ఒక్కటే, దోమ ఒక్కటే. భేదమంతయు ఇంటియందే యున్నది.

ఆ భేదము ఎట్టిదో కన్నులార చూడవచ్చును. కొండదోమ రాత్రి ప్రొద్దుపోయిన తరువాత కుట్టును. పక్కా గోడలును, చూరుక్రింద సందులేని పైకప్పును, మూయుటకు వీలగు తలుపులును గల ఇంటిలో అది చొచ్చుట కష్టము. తడికగోడకును ఆకులకప్పునకును నడుమ జానెడు సందున్న గుడిసె దానికి తెరచిన వాకిలి. నవీనరీతి ఇండ్లలో నివసించువారికి మలేరియా సోకు అవకాశము పాతరీతి ఇండ్లవారికన్న సుమారు సగమునకు తగ్గుచున్నదని 2015 లో పలు పరిశోధనలను సమీకరించినవారు తెలిపిరి. దోమతెర కలదందురా? ఇంటికి రెండు తెరలు పంచిరి, పడకలు నాలుగు. అదియునుగాక పంట చేతికి వచ్చు దినములలో పందులు, ఎలుగులు పైరును పాడుచేయకుండ మగవాడు పోడులో మంచెపై పండుకొనును. మంచెపై దోమతెర కట్టుటెట్లు? పైరు కావలిని మానినచో ఆకలి, కాచినచో జ్వరము. రెండింటిలో ఒకదానిని కోరుకొనుట బీదవాని స్వాతంత్ర్యము!

రక్తమునకు అన్నముతో గల సంబంధము వేరొకటి. 1908 లో పంజాబు దేశమున అధికవర్షముల తరువాత మలేరియా ప్రబలి శరత్కాలమున రెండు నెలలలో మూడు లక్షలమందికి పైగా మరణించిరి. క్రిస్టాఫర్స్ అను వైద్యుడు దీనిని విచారించి 1911 లో నివేదిక సమర్పించెను. ఆయన వానలెక్కను మాత్రమే చూచి ఊరకుండలేదు. బజారు ధరలను గూడ చూచెను. గింజల ధర మండిపోవుచున్న కాలమున వాన కురిసినచో జ్వరము ప్రాణాంతకమగు మహామారియై పరిణమించునని ఆయన లెక్కలవలన తేలినది. ఆకలిగొన్న దేహమునకును తిన్న దేహమునకును దోమకాటు ఒకటే కావచ్చును, ఫలము ఒకటి కాదు. తరువాతి దశాబ్దములలో కరవు నివారణ మెరుగై ధరలు నిలుకడ చెందగా, దోమలును జ్వరమును అంతగా తగ్గకున్నను పంజాబున చావులు తగ్గెనని ఇటీవలి చరిత్రకారులు వివరించుచున్నారు.

దీనికి మరియొక సాక్ష్యము, చెప్పుటకే నోరు రానిది, 1943 వంగదేశపు క్షామము. ఆ క్షామమున మరణించిన లక్షలాది జనులలో తిండిలేక నేరుగ చచ్చినవారికన్న వ్యాధులవలన చచ్చినవారే ఎక్కువ. ఆ వ్యాధులలో అగ్రస్థానము మలేరియాదే. అంతకు ముందు సంవత్సరమే జపానువారు జావాద్వీపమును ఆక్రమించిరి. మన పల్లెవారు కొయినా యని పిలుచు క్వినైనుకు లోకమంతకు ప్రధానమైన ఆధారము ఆ ద్వీపమందలి సింకోనాతోటలే. అన్నమును లేదు, మందును లేదు. కొయినా లభించిన దినములలోనైనను అది బీదవానికి దక్కుట గగనముగనే యుండెను. 1892 నుండి వంగరాష్ట్రమున తపాలాకచ్చేరులలో చిన్న పొట్లములుగా కాని వెలకు అమ్మజూచిరి. ఏర్పాటు మంచిదే, కాని పూటకు కాని లేని ఇంటికి కాని వెలయు వెలయే కదా.

కావున సభాసదులారా, జ్వరము తల్లియు బీదరికము బిడ్డయు అనుటకు వీలులేదు. బీదరికము తల్లియు జ్వరము బిడ్డయు అనుటకును వీలులేదు. ఒకటి రెండవదానిని కనుచు, రెండవది మొదటిదానిని పోషించుచున్నవి. దీనినుండి రెండు పొరపాటు సిద్ధాంతములు బయలుదేరుట కలదు. "ముందు దేశము ధనవంతము కానిండు, జ్వరము దానంతట అదే పోవును" అనునది ఒకటి. జ్వరముతో పడకనున్నవాడు ధనవంతుడగుట ఎట్లో వారు చెప్పరు. "మందులు చల్లుడు, మాత్రలు పంచుడు, తక్కిన ప్రసంగమెందుకు?" అనునది రెండవది. ఈ రెండవదానికి మన దేశచరిత్రయే సమాధానము చెప్పినది. దానిని కొంచెము విస్తరించి చెప్పుదును.

1947 లో మన దేశమున ఏటా సుమారు ఏడున్నర కోట్లమందికి మలేరియా సోకుచుండెననియు, ఎనిమిది లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. 1953 లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ప్రారంభమైనది. ఇంటింట గోడలపై డి.డి.టి. మందు చల్లిరి. ఫలితమును చూచి ఉత్సాహము పెరిగి 1958 లో దానినే నిర్మూలన కార్యక్రమముగ మార్చిరి. 1961 నాటికి జ్వరపీడితుల సంఖ్య సుమారు ఏబదివేలకు దిగినది. కోట్లనుండి వేలకు! లోకమున ఇట్టి విజయములు అరుదు. చల్లినవారికి, ఇంటింట తిరిగి రక్తపు పలకలు సేకరించినవారికి మనము కృతజ్ఞులము.

అటు తరువాత ఏమైనది? శత్రువు పోయినాడని కావలివారు నిద్రించిరి. మందు సరఫరా సకాలమున జరుగదాయెను. దోమ మందునకు అలవాటుపడెను. జ్వరము వచ్చినవానిని నాడే గుర్తించుటకు పల్లెలలో స్థిరమైన వైద్యవ్యవస్థ ఏర్పడలేదు. గుడిసె గుడిసెగానే యుండెను, అప్పు అప్పుగానే యుండెను. 1976 లో జ్వరపీడితులు అరువదినాలుగు లక్షలకు పెరిగిరి. గోడలకు మందు చల్లితిమి గాని గోడలు మార్చలేదు. చల్లుట తప్పు కాదు, చల్లి ఊరకుండుట తప్పు.

ఇప్పుడు మరల మంచి దినములు వచ్చినవి. సర్కారు లెక్కల ప్రకారము 2015 లో దేశమున పదునొకండు లక్షల అరువదితొమ్మిది వేలుగా నున్న మలేరియా రోగుల సంఖ్య 2023 లో రెండు లక్షల ఇరువదియేడు వేలకు తగ్గినది. 2030 నాటికి దేశమున ఈ వ్యాధిని రూపుమాపవలెనన్నది సంకల్పము. 1934-35 లో ఘోరమైన మలేరియాకు బలియైన మన పొరుగు సింహళద్వీపము 2016 లో మలేరియారహితమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. వారికి సాధ్యమైనది మనకును సాధ్యమే. మాచిపత్రి జాతి మొక్కనుండి చైనా శాస్త్రజ్ఞురాలు టూ యూయూ వెలికితీసిన ఔషధము నేడు ప్రాణాంతకమైన మలేరియాకు ముఖ్యమైన ఆయుధము; అందుకై ఆమెకు 2015 లో నోబెల్ బహుమానము వచ్చినది. వ్రేలికొననుండి ఒక బొట్టు రక్తము తీసి, కొద్ది నిమిషములలో గ్రామముననే ఆశా కార్యకర్త వ్యాధిని నిర్ణయింపగలదు. సాధనములకు లోపము లేదు.

నా భయము వేరు. సంఖ్య తగ్గుట సంతోషకరమే. కాని తగ్గిన సంఖ్య ఎవరియొద్ద మిగిలినది? మైదానపు పట్టణములనుండి పోయి కొండలలో, అడవులలో మిగిలినది. తెలుగుదేశమున ఈ వ్యాధి నేటికిని ఎక్కువగా కనబడునది పాడేరు, రంపచోడవరము, భద్రాచలము ప్రాంతములవంటి మన్యములందే. అనగా, నోరులేనివారియొద్ద మిగిలినది. కోటిమందికి జ్వరము వచ్చినప్పుడు పట్టణవాసి యింటను వచ్చును గనుక పత్రికలు వ్రాయును, శాసనసభలలో ప్రశ్నలు పుట్టును. వేలమందికి, అందును కొండపైవారికి మాత్రమే వచ్చినప్పుడు అది వార్త కాదు. 1961 నాటి నిద్ర మరల మనలను పట్టునేమోయని నా భయము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మనకొకసారి అనుభవమైనది.

అట్లయిన ఏమి చేయవలెను? గొప్ప గొప్ప సిద్ధాంతములు నాయొద్ద లేవు. మొదట చెప్పిన ఇంటి జమాఖర్చును మరల తెరచి, ఏ పద్దు దగ్గర చేయి అడ్డము పెట్టవచ్చునో చూతము.

మొదటి పద్దు, ఆలస్యము. జ్వరము తగిలిన మొదటి దినముననే పరీక్ష జరిగినచో రోగి త్వరలో లేచును, ఆతనినుండి దోమకును, దోమనుండి ఇరుగుపొరుగువారికిని వ్యాధి ప్రాకదు. పరీక్షాసామగ్రియు మాత్రలును వానలకు ముందే, వాగులు పొంగకముందే, కొండగ్రామమునకు చేరవలెను. శ్రావణమున చేరిన పెట్టె వైశాఖమున చేరియుండవలసినది.

రెండవ పద్దు, మరలివచ్చు జ్వరము. మలేరియాలో ఒక జాతి కార్జమున దాగి, వారములకో నెలలకో తిరిగి లేచును. దానిని వేరుతో పెరుకుటకు వైద్యుడు పరీక్షించి పదునాలుగు దినములు మాత్రలిచ్చును. మూడవ దినమున జ్వరము తగ్గగానే రోగి మాత్రలు మాని పనికి పోవును. ఇది ఆతని అజ్ఞానమని మనము తీర్పు చెప్పుదుము. ఆతని దృష్టిలో మిగిలిన మాత్రలకన్న మిగిలిన కలుపు ముఖ్యము. పదునాలుగు దినములును ఇంటికి వచ్చి పలుకరించి మ్రింగించు మనిషి కావలెను. ఆ మనిషికి తగిన జీతము కావలెను.

మూడవ పద్దు, పోయిన కూలి. ఇటలీదేశమున 1900, 1901 సంవత్సరములలో చేసిన చట్టములవలన సర్కారు తానే కొయినా సిద్ధముచేసి పంచుటయు, జ్వరప్రాంతములలో పనిచేయు కూలివారి మందుఖర్చును భూస్వాములు భరించుటయు ఏర్పడినది. పనిచేయించుకొన్నవాడు జ్వరమునకు బాధ్యుడన్న ధర్మము అందున్నది. మన్యమున దారులు వేయించు గుత్తేదారులు, ఆనకట్టలు కట్టించువారు, తోటల యజమానులు తమ కూలివారికి దోమతెరయు, పరీక్షయు, జ్వరదినములకు కొంత బత్తెమును ఇచ్చుట దానము కాదు, విధి.

నాల్గవ పద్దు, గాదె. ఆషాఢమునుండి ఆశ్వయుజమువరకు కొండయింట గింజ యుండినచో జ్వరము వచ్చినను ప్రాణము నిలుచును, వర్తకునికి పసుపు ముందుగా వ్రాసియీయనక్కరలేదు. పంజాబు నేర్పిన పాఠమిదియే. చౌకధరల బియ్యము ఆ నెలలందు తప్పక, వానలకు ముందుగనే కొండయెక్కవలెను. బియ్యపు బస్తా కూడ మలేరియా మందే యని నేను చెప్పుట అతిశయోక్తి కాదు.

ఐదవ పద్దు, ఇల్లు. సందులేని గోడ, మూయుటకు వీలగు తలుపు, కిటికీకి జాలి. సర్కారు కట్టించు ఇండ్ల నమూనాలో ఈ మూడును చేర్చుటకు ఇంజనీరుకు కొత్త శాస్త్రమక్కరలేదు, కొంచెము శ్రద్ధ కావలెను.

ఇవి సర్కారు చేయవలసినవి కదా, మేమేమి చేయుదుమని మీరడుగవచ్చును. మీరు చదువరులు. చదువరి చేయగల పని ఒకటి కలదు, లెక్క అడుగుట. ఈ సంవత్సరము ఏ గ్రామమున ఎందరికి జ్వరము వచ్చినది, మందు ఏ మాసమున చేరినది, చల్లుడుపని ఏ తేదీన జరిగినది, ఆశా కార్యకర్తకు జీతము ముట్టినదా, అని వ్రాతమూలకముగ అడుగుడు. 2005 నాటి సమాచారహక్కు చట్టము మీకాయధికారము నిచ్చినది. జవాబు వచ్చినచో ఈ గ్రంథాలయపు గోడపై అతికింపుడు. సంఖ్య తగ్గినప్పుడు మరింత పట్టుదలతో అడుగుడు. ఏలన నిద్రపట్టునది అప్పుడే. మీ పట్టణమున సంతకు దిగివచ్చిన కొండమనిషి చలితో వణకుచు అంగడి అరుగుపై కూర్చుండినచో, త్రాగియున్నాడని మొగము త్రిప్పుకొనక, ఆస్పత్రికి దారి చూపుడు. ఇది చిన్న పనియే, కాని ఆ ఇంటికి ఒక పంట దక్కును.

బేగంపేటలో హుసేన్ ఖానునకు దోమకు అణా ముట్టినది. నాటినుండి నేటివరకు మన్యపు ఇండ్లు దోమకు చెల్లించిన అణాలకు లెక్క కట్టినవారు లేరు. తీర్చినవారు అసలే లేరు. ఆ లెక్కను మనదిగా ఎంచి, ఇకనైన క్రొత్త పద్దు పడకుండ చూచుట మన ధర్మము.